మోకు తెచ్చుకున్న మనిషి

"చెట్టు మీంచి పడ్డాడా?"

ఆయన పోయాడని పోయిన వారం చెప్తే మా ఆఫీసులో ముగ్గురు ఇదే అడిగారు. ఒకాయన టీ కప్పు పట్టుకుని, ఒకాయన ఫోన్లోంచి తలెత్తకుండా, ఇంకొకాయన లిఫ్టు తలుపు మూసుకునే లోపల. చెట్టు మీంచి పడలేదు. జగిత్యాల పక్కన తన ఊళ్లో, తన మంచం మీద, రెండు రోజుల జ్వరంతో పోయాడు. ఊహ తెలిసినప్పట్నుంచీ చెట్లెక్కిన మనిషి, ఒక్కసారి కూడా పడలేదు.

మూడోవాడు అడిగేసరికి నాకు ఒళ్లు మండిపోయింది. చెట్లెక్కేవాడు చెట్టు మీంచే పడి చావాలని వీళ్లకి ఎవరు చెప్పారు? పడేది ఎక్కడం రానివాడు. లేదా మాలాంటివాళ్లం ఏసీ గదిలో కూర్చుని ఎంచి కొనిచ్చిన దాని మీద ఎక్కినవాడు. ఆ రెండో రకం సంగతి నాకు బాగా తెలుసు. ఆ ఎంచినవాణ్ణి నేనే.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఒకసారి ఆయన్ని అడక్కుండా ఒక కాగితం మీద ఆయన పేరు రాశాను, అది చాలు. ఈ అరబ్బు దేశంలో, అస్కర్ అనే చోట ఉన్న మా కంపెనీ కార్మికుల క్యాంపులో అందరూ ఆయన్ని గౌడన్న అనేవాళ్లు. నేనూ అలాగే పిలిచేవాణ్ణి.

నాది కాకినాడ. భవనాల నిర్వహణ చూసే ఒక కంపెనీకి కావలసిన సామాను కొనే విభాగంలో అప్పట్లో పనిచేసేవాణ్ణి. అమ్వాజ్ దీవుల్లో కొన్ని అపార్ట్‌మెంట్లు, విల్లాలు మా చేతికింద ఉండేవి. వాటి చుట్టూ, లోపలి పెరళ్లలో, నీటి ఒడ్డున ఉన్న ఖర్జూరం చెట్లన్నీ గౌడన్నవి. ఎండిన మట్టలు కొట్టడం, ముళ్లు తీయడం, మగచెట్టు పూత తెచ్చి ఆడచెట్టు గెలల్లో పెట్టడం, కాయ పండాక గెలలు దించడం అన్నీ ఆయనే చూసేవాడు. ఆయన వీసా మీద రాసి ఉన్న ఉద్యోగం మాత్రం 'క్లీనర్'. ఫోర్‌మన్ ఒకసారి ఎగతాళిగా "నువ్వు క్లీనర్‌వే కదా భాయ్" అన్నాడు.

"అవు. మీ అసుంటోళ్లు ఖరాబ్ జేసింది సాఫ్ జేత్త" అన్నాడు ఈయన.

పొట్టి మనిషి. ఛాతీ మీద, ముంజేతుల లోపలి వైపు కాయలు కాసి, అక్కడి చర్మం చెప్పు అట్టలా ఉండేది. ఊళ్లో తాటిచెట్లు, ఈతచెట్లు కల్లుకి గీసినప్పటి గుర్తులవి. నేల మీద నడిచేటప్పుడు ఆయన చూపు ఎప్పుడూ పైనే. చెట్ల తలలు చూసుకుంటూ నడిచి మనుషుల్ని గుద్దుకునేవాడు. గుద్దుకుని తనే కోప్పడేవాడు. చెట్టు దగ్గరికి పోగానే అరచేత్తో మూడు దెబ్బలు వేసి, చెవి ఆనించి వినేవాడు. "ఏం వినిపిస్తుంది గౌడన్నా?" అని ఒకసారి అడిగాను.

"లోపల పురుగు తింటె డొల్ల సప్పుడత్తది సారూ. మీ ఆఫీసుల గూడ ఒక్కొక్కల్ని గిట్ల కొట్టి సూడాలె."

ఆయన ఇంటి నుంచి మోకు తెచ్చుకున్నాడు. గీత పనివాళ్లు చెట్టు చుట్టూ, తమ నడుము చుట్టూ తిప్పుకుని ఎక్కే మందపాటి పట్టీ తాడు అది. ఇక్కడ దిగిన రోజు విమానాశ్రయంలో సంచి తెరిపించి ఇదేమిటని అడిగారట. చేతులతో ఎంత చూపించినా వాళ్లకి అర్థం కాలేదు. చివరికి పక్కనున్న స్తంభానికి మోకు వేసి, నడుముకి తగిలించుకుని, జోళ్లు విడిచి, నాలుగు జానలు పైకి పోయాడు. చుట్టూ జనం మూగారు. వాళ్లలో వయసుమళ్లిన ఒక అరబ్బు ఉద్యోగి మాత్రం నవ్వి "కర్, కర్" అన్నాడట. ఇక్కడి పాత తోటల్లో ఖర్జూరం చెట్లెక్కడానికి వాడే పట్టీ పేరు అది.

"దుబాయిల గూడ మనోళ్లున్నరు అనుకున్న సారూ. దిగి సలాం కొట్టిన." ఏ అరబ్బు దేశమైనా ఆయనకి దుబాయే. ఈ కథ చెప్పినప్పుడు మాత్రం ఆయన ముఖంలో కోపం ఉండేది కాదు.

మిగతా వేళల్లో ఉండేది. ఆయన కోపం అరుపుల కోపం కాదు. కోపం వచ్చేకొద్దీ గొంతు తగ్గేది, 'సారూ'లు పెరిగేవి. కంపెనీ ఇచ్చిన బరువు బూట్ల మీద కోపం. ఇన్ని చెట్లుండి ఒక్కదానికీ కల్లు లొట్టి కట్టుకోలేని దేశం మీద కోపం. ఇక్కడ మంచి రకం ఖర్జూరం పండుని ఖలాస్ అంటారు. పని అయిపోయింది, ఇక పొమ్మనడానికీ అదే మాట. "పండు తినిపిచ్చి పొమ్మంటరా, పొమ్మని పండు తినిపిత్తరా, గీళ్ల ఖలాస్ నాకు సమజ్ గాదు" అనేవాడు.

అసలు సంగతికి వస్తాను. ఒక చలికాలం మా క్లయింట్ నుంచి ఉత్తరం వచ్చింది. వట్టి తాడుతో మనుషుల్ని చెట్లెక్కించడం ఇకపై కుదరదు, తగిన భద్రతా పరికరం ఉండాలి అని. అందులో తప్పు లేదు. చాలా చెట్ల దగ్గరికి క్రేన్ బుట్ట ఉన్న బండి పోతుంది. విల్లాల లోపలి పెరళ్లలోకి, నీటి ఒడ్డున ఉన్న సన్నటి దారుల్లోకి అది పోదు. ఏం చేయాలని మా మేనేజర్ ఇంటర్నెట్టులో వెతికి ఒకటి పట్టుకున్నాడు. అమెరికాలో జింకల వేటకి వాడే, చెట్టెక్కే స్టాండు.

అది రెండు ముక్కలు. పైది కూర్చునే సీటు, కిందది నిలబడే పలక. రెండిటికీ చెట్టు చుట్టూ తిరిగే ఉక్కు తీగ ఉంటుంది. సీటు మీద కూర్చుని పాదాలతో కింది పలకని పైకి లాక్కోవాలి. పలక మీద నిలబడి సీటుని పైకి జరపాలి. అలా గొంగళిపురుగులా మనిషి పైకి పోతాడు. కావలసిన ఎత్తుకి పోయాక వేటగాడు తుపాకీ ఒళ్లో పెట్టుకుని, కిందికి జింక వచ్చేదాకా కూర్చుంటాడు.

"మూడు మోడళ్లు చూసి ఒకటి సెలెక్ట్ చెయ్" అన్నాడు మేనేజర్.

నేను చాలా శ్రద్ధగా చేశాను. ఇప్పుడు తలుచుకుంటే అదే ఎక్కువ మండుతుంది. బరువెంత, ఎంత బరువు మోస్తుంది, ఎంత లావు చెట్టుకి సరిపోతుంది, తీగ ఏ రకం అని గడులు గీసి నింపాను. సీటు మెత్తదనానికి కూడా ఒక గడి పెట్టాను. చివర్లో మా కంపెనీ ఫారంలో ఎప్పుడూ ఉండే గడి ఒకటి ఉంది. 'పరికరం వాడేవారితో సంప్రదించారా?' అందుకని గౌడన్నని ఆఫీసుకి పిలిపించాను.

ఆయన కుర్చీలో కూర్చోలేదు. నిలబడే నా కంప్యూటర్ మీదికి వంగి బొమ్మ చూశాడు.

"ఈయన ఎవలు సారూ?"

"వేటగాడు."

"పైన ఏం జేత్తుండు?"

"జింక కోసం చూస్తున్నాడు."

"ఎంతసేపు?"

"పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుంటారట."

"కదలకుంట?"

"కదిలితే జింక పారిపోతుంది కదా."

ఆయన బొమ్మ మీద వేలు పెట్టాడు. "మరి గిది కదలకుంట కూసునెటోనికి జేసిన కుర్సీ సారూ. నేను పైకి పోయి కూసుండ. కత్తి ఇసురుత. మట్ట తెగుతది, బరువు ఒక్క దిక్కు పడ్తది. మల్ల ఇంకో దిక్కు తిరుగుత. గిది తిరుగుతదా?"

"తిరగదు."

"గీ ఇనుప పండ్లు దేన్ని పట్టుకుంటయి?"

"బెరడుని."

"ఖర్జూర చెట్టుకు బెరడేది సారూ?"

నేను నా కాగితంలోకి చూశాను. బెరడు అనే గడి అందులో లేదు.

"పాత మట్టల మొదళ్లు ఉంటయి. కొన్ని గట్టియి, కొన్ని పుచ్చినయి. చేత్తోని తడితె నాకు తెలుత్తది. గీ ఇనుపదానికి ఏం తెలుత్తది? సరే, కింది పలక జారిపోయిందనుకో. అప్పుడెట్ల?"

"జారకుండా పైముక్కకి తాడుతో కట్టుకోవాలని పుస్తకంలో ఉంది."

"ఆ బుక్కు ఏ భాషల ఉన్నది?"

"ఇంగ్లీషులో."

"ఎక్కెటోళ్లల్ల ఎవలికత్తది ఇంగిలీసు?"

ఆయన మూడు మోడళ్లూ మళ్లీ మళ్లీ చూశాడు. మొదటిదానితో పాటు భుజాలకీ తొడలకీ వేసుకునే పట్టీలు వస్తాయి. వాటిని చూపించి అన్నాడు. "తప్పదంటే గిది తీసుకోండ్రి. మనిషి జారినా చెట్టుకే ఏలాడుతడు. కని నా మాట ఇంటే కుర్సీ ఏదీ కొనకుండ్రి. పట్టీలొక్కటి కొనుండ్రి. మోకుతోని ఎక్కుత, పైన పట్టీలేసుకుంట. మీ సేఫ్టీ అయితది, నా పని గూడ అయితది."

సరిగ్గా ఇదే చేయాల్సింది. పది నిమిషాల్లో, నిలబడి, ఒక క్లీనర్ చెప్పాడు. నేను మూడు వారాలు కూర్చుని గడులు గీశాను.

మేనేజర్‌కి చెప్పాను. చెప్పలేదని ఎవరూ అనకూడదు. ఆయన మూడో మోడల్ మీద టిక్కు పెట్టాడు. పట్టీలు లేనిది. "బెల్టులు మన స్టోర్‌లో ఉన్నాయిగా" అన్నాడు. స్టోర్‌లో ఉన్నవి క్రేన్ బుట్టలో నిలబడేటప్పుడు నడుముకి పెట్టుకునేవి. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

"మరి సంప్రదించారా అనే గడిలో ఏం రాయను సార్?"

"అడిగావా లేదా?"

"అడిగాను."

"అడిగామని రాయి."

రాశాను. 'సీనియర్ క్లైంబర్‌తో సంప్రదించాం' అని రాసి పక్కన ఆయన పేరు పెట్టాను. ఏళ్ల తరబడి క్లీనర్‌గా ఉన్నవాడు ఆ ఒక్క గడిలో సీనియర్ క్లైంబర్ అయ్యాడు. నేను రాసింది అబద్ధం కాదు. అబద్ధమైతే ఎవడైనా పట్టుకునేవాడు.

స్టాండ్లు వచ్చాయి. గౌడన్న పెట్టె మూత తెరిచి చూసి "నేనెక్క" అని ఒక్క మాట అన్నాడు. అంతే. ఆయన్ని చెట్ల పని నుంచి తీసేసి, కింద పడ్డ మట్టలు ఏరి లారీకెత్తే పనిలో వేశారు. ఆయన జాగాలో మల్లేశ్‌ని పెట్టారు. ఆర్మూరు దగ్గరివాడు, ముప్పై దాటినవాడు, ఇద్దరాడపిల్లల తండ్రి. తాపీ మేస్త్రీల దగ్గర కూలీగా వచ్చాడు. చెట్టెక్కడం రాదు. "రానక్కర్లేదు, ఎవరైనా ఎక్కొచ్చు, దీని గొప్పే అది" అన్నాడు మేనేజర్.

ఒక మార్చి ఉదయం క్లయింట్‌కి చూపించడానికి ఫోటోలు తీసుకురమ్మని నన్ను అమ్వాజ్ పంపారు. నేను పోయేసరికి ఒక విల్లా పెరట్లో మల్లేశ్ స్టాండులోకి ఎక్కుతున్నాడు. నడుముకి స్టోర్ బెల్టు ఉంది, దాని కొక్కెం మాత్రం దేనికీ తగిలించి లేదు. ఆ చెట్టుకి తగిలించే చోటు లేదు. గౌడన్న లారీ పక్కన నిలబడి ఉన్నాడు.

"వద్దురా మల్లేశూ. కాలు నొత్తుందను. కడుపు నొత్తుందను. ఏదన్న జెప్పు."

"ఎక్కనంటే ఇంటికి పంపిత్తరన్నా."

"పంపనీ. సీద ఇంటికే పోతవు గదా."

మల్లేశ్ నవ్వి ఎక్కాడు. నేను ఫోటోలు తీశాను. మొదట్లో అంతా బాగానే జరిగింది. సీటు, పలక, సీటు, పలక. రెండంతస్తుల ఎత్తుకి పోయాడు. కత్తి తీసి ఎండుమట్ట ఒకటి కొట్టాడు. అది నేరుగా కింది పలక మీద పడింది. అదే క్షణంలో మల్లేశ్ ముళ్లు తప్పించుకోవడానికి కాళ్లు పైకి లాక్కున్నాడు. కాళ్ల బరువు తీయగానే పలక పట్టు వదిలింది. తీగ మట్టల మొదళ్లని చెక్కుకుంటూ జారి, పలక ఊడి, కింద నాపరాళ్ల మీద పడింది. కట్టాల్సిన తాడు పెట్టెలోనే, ప్లాస్టిక్ సంచిలో, విప్పకుండా ఉంది. ఆ తర్వాత చూశాం.

మల్లేశ్ పైముక్క మీద మిగిలాడు. కాళ్లు గాల్లో ఉన్నాయి. చెట్టుని కావలించుకున్నాడు. ఆ సీటు కూడా ఒక వైపు ఒరిగింది.

ఫోర్‌మన్ క్రేన్ బండికి ఫోన్ చేశాడు. అది హిద్ అనే ఊళ్లో ఉంది. వచ్చినా పెరట్లోకి రాదు. ఎవరో నిచ్చెన అన్నారు, ఎవరో పరుపులు అన్నారు. నేను ఫోన్ చేతిలో పట్టుకుని నిలబడ్డాను. గౌడన్న లారీ సీటు వెనక చెయ్యి పెట్టి మోకు తీశాడు. వాడకూడదని నోటీసు అంటించిన మోకు అది. బూట్లు విడిచాడు. ఇంకో పొడుగు తాడు భుజాన వేసుకుని, నా పక్కనుంచి పోతూ ఆగాడు.

"ఫోటో తీత్తరా సారూ? తియ్యుండ్రి."

గొంతు చాలా తగ్గి ఉంది.

ఆయన ఎక్కడం నేను అంత దగ్గర్నుంచి చూడటం అదే మొదటిసారి. తొందరేమీ లేదు. మోకు పైకి ఎగరేయడం, వెనక్కి వాలి బరువు ఆనించడం, పాదాలు జరపడం. ఎక్కుతూనే మాట్లాడుతున్నాడు.

"మల్లేశూ, కిందికి సూడకు. నా దిక్కు గూడ సూడకు. చెట్టు దిక్కు సూడు."

"అన్నా, సీటు కదులుతుంది."

"కదలనీ. మీకాడ పసుపు తవ్వుడైందా?"

"అన్నా..."

"అడిగిందానికి జెప్పు. పసుపు తవ్విండ్రా లేదా?"

మల్లేశ్ ఏడుస్తున్నాడు. "తవ్వుతుండ్రట అన్నా."

"ఉడుకవెట్టుడు ఎవలు జేత్తుండ్రు? మీ తమ్ముడా?"

"బావమరిది."

"మంచిగ జేత్తడా?"

"జెయ్యడన్నా. వాడొట్టి లంగ, పనిదొంగ."

కింద ఎవరో నవ్వారు, వెంటనే ఆపుకున్నారు. అప్పటికి గౌడన్న అతని కిందికి చేరాడు. తన భుజం అతని పాదాల కింద పెట్టాడు. మల్లేశ్ గాల్లో ఉన్న కాళ్లు ఆయన భుజం మీద ఆనాయి. అలాగే ఒక చేత్తో తాడు అతని చంకల కిందినుంచి తిప్పి ముడివేశాడు. పక్కకి జరిగి, ఇంకా పైకి పోయి, ముదురు మట్టల మొదళ్ల మీదుగా తాడు వేసి రెండో కొస కిందికి వదిలాడు. దాన్ని పక్క చెట్టుకి రెండు చుట్లు తిప్పి నలుగురం పట్టుకున్నాం. ఫోన్ జేబులో పెట్టి నేనూ పట్టుకున్నాను. ఆయన చెప్పినట్టే కొంచెం కొంచెంగా వదిలాం. మల్లేశ్ ముఖమంతా, చేతులంతా ముళ్లు గీసుకుపోయి, నెత్తురు కారుతూ నేలమీదికి దిగాడు. దిగి అలాగే కూర్చుండిపోయాడు.

గౌడన్న వెంటనే దిగలేదు. వంకరగా వేలాడుతున్న సీటుని విప్పి కిందికి వదిలి, అప్పుడు దిగాడు. ఆయన భుజం మీద చొక్కా చిరిగి ఉంది. నీళ్లు తాగి, బూట్లు వేసుకుని, మట్టలు ఏరడం మొదలుపెట్టాడు.

ఆ మధ్యాహ్నం క్లయింట్ నుంచి మా మేనేజర్‌కి మెయిల్ వచ్చింది. పలక పడి రెండు నాపరాళ్లు పగిలాయి, ఎప్పుడు మారుస్తారు అని. మల్లేశ్ గురించి ఒక్క ముక్క లేదు.

మరునాడు ప్రమాద నివేదిక రాయమని మేనేజర్ నాకే చెప్పాడు. ఆయన చెప్తూ ఉంటే నేను టైపు చేశాను. కార్మికుడు తాడు కట్టుకోకుండా నిర్లక్ష్యం చేశాడు. ఈ పరికరం సరైనదని సీనియర్ క్లైంబరే ఆమోదించాడు. అదే సీనియర్ క్లైంబర్ నిషేధించిన తాడుతో చెట్టెక్కి నిబంధన ఉల్లంఘించాడు కాబట్టి అతనికి హెచ్చరిక లేఖ ఇస్తున్నాం. కింద ఆయన సంతకం కోసం గీత.

ప్రాణం కాపాడినవాడికి హెచ్చరిక. నేను దాన్ని అక్షరదోషాలు లేకుండా టైపు చేశాను.

గౌడన్న వచ్చాడు. పెన్ను ఇస్తే తీసుకోలేదు.

"చదువుండ్రి సారూ. తెలుగుల చెప్పుకుంట చదువుండ్రి."

చదివాను. 'ఆమోదించాడు' అన్న చోట చెయ్యెత్తి ఆపాడు.

"నేను ఎప్పుడన్న సారూ?"

నేను కంప్యూటర్ వైపు చూశాను.

"ఈడనే నిలబడ్డ. మీరు ఆడనే కూసున్నరు. ఏదీ కొనకుండ్రి అన్ననా లేదా సారూ?"

"అన్నారు."

"మరి గిది ఎవలు రాసిండ్రు?"

"మేనేజర్ గారు చెప్పారు గౌడన్నా."

"చెప్పింది ఆయన. రాసింది ఎవలు సారూ?"

ఆ గదిలో ఇంకెవరూ లేరు. "నేనే" అన్నాను.

"నా పేరు మీకాడ ఎందుకున్నది సారూ? మా నాయిన పెట్టిన పేరు. ఊర్ల మావోళ్లు నా పేరు జెప్పి పిలగాండ్లకు మోకు కట్టుడు నేర్పుతరు. నువ్వు గా పేరు తీసి గీ కుర్సీ కింద పెట్టినవు." అప్పటిదాకా 'మీరు' అన్న మనిషి 'నువ్వు'లోకి దిగాడు. అరవలేదు. అరిచి ఉంటే నేను కొంచెం ఊపిరి పీల్చుకునేవాణ్ణి. "సంతకం పెట్ట. మల్ల రాయి."

పెన్ను టేబుల్ మీద పెట్టి పోయాడు.

అప్పుడు నాకు ఆయన మీదే కోపం వచ్చింది. నిజం చెప్పాలి కదా. చదువు లేని మనిషి నన్ను నువ్వు అంటాడా అని రెండు రోజులు ఉడికిపోయాను. మా ఆవిడతో చెప్పాను. ఆమె అంతా విని, "ఆయన అన్నది ఏదైనా తప్పుందా?" అని అడిగింది. ఉందని ఒక్కటి చూపించలేకపోయాను. మూడో రోజు మళ్లీ రాశాను. పట్టీలు లేని మోడల్ ఎలా ఎంచామో, ఎవరు వద్దన్నారో, ఆయన వద్దన్నదాన్ని 'సంప్రదించాం' అని ఎవరు రాశారో రాశాను. చివర నా సంతకం పెట్టాను. మేనేజర్‌కి ఒకటి, క్లయింట్ భద్రతా విభాగానికి ఒకటి పంపాను.

అద్భుతాలేమీ జరగలేదు. మేనేజర్ నన్ను పిలిచి తలుపు వేసి తిట్టాడు. నన్ను హిద్‌లోని గోడౌనుకి మార్చారు. స్టాండ్లు పెట్టెల్లో పెట్టి నా గోడౌనుకే పంపారు. హెచ్చరిక లేఖ చించేశారు. రెండు నెలల తర్వాత మోకు లాంటి తాళ్లు, భుజాలకీ తొడలకీ వేసుకునే పట్టీలు కొన్నారు. గౌడన్న మొదటి రోజు చెప్పినవే. వాటిని ఒక కన్సల్టెంటు సిఫారసు చేశాడని కాగితాల్లో ఉంది. అవి వచ్చేసరికి గౌడన్న వీసా గడువు అయిపోయింది. కంపెనీ రెన్యువల్ చేయలేదు. కారణం చెప్పలేదు, అడిగినవాళ్లూ లేరు. మేనేజర్‌కి మాత్రం ఆ ఏడాది ప్రమోషన్ వచ్చింది.

ఆయన వెళ్లే రోజు శుక్రవారం. అస్కర్ క్యాంపుకి పోయాను. గదిలో ఆయనా మల్లేశూ ఉన్నారు. ఆయన మోకుని చుట్టచుట్టి బ్యాగులో పెడుతున్నాడు.

"అన్నా, గా మోకు నాకిచ్చిపో. నేర్సుకుంట" అన్నాడు మల్లేశ్.

"ఇయ్య. నువ్వు చెట్టు జోలికి పోకు. ఇంటికి పోయినంక మేస్త్రి పని పట్టు. నీ చేతులు గోడకే పనికత్తయి." తిట్టినట్టే అన్నాడు. మల్లేశ్ నవ్వాడు.

నాతో ఆయన మామూలుగానే మాట్లాడాడు. మళ్లీ 'మీరు' అన్నాడు. టీ ఇప్పించాడు. మా అబ్బాయి చదువు అడిగాడు. ఆ మామూలుతనం చూసి నాకు ధైర్యం వచ్చింది. ఆ ధైర్యమే నా తెలివితక్కువ. ఆయన నోట ఒక మంచి మాట వినాలనిపించింది.

"ఆఖరికి ఉన్నదున్నట్టు రాశాను కదా గౌడన్నా" అన్నాను.

ఆయన బ్యాగు జిప్ లాగుతున్నవాడు ఆపి నా వైపు చూశాడు.

"రాసిండ్రు సారూ. మల్లేశు దిగినంక రాసిండ్రు."

జిప్ పూర్తిగా లాగాడు.

"ఎక్కకముందు రాసేదుండె."

బయట విమానాశ్రయం వ్యాను హారన్ కొట్టింది. మల్లేశ్ ఒక బ్యాగు ఎత్తుకున్నాడు. రెండోది నేనెత్తుకున్నాను. ఆయన వద్దనలేదు, ఇమ్మనీ అనలేదు. ముందు నడిచాడు. మేమిద్దరం ఆ బ్యాగులు మోసుకుంటూ ఆయన వెనక నడిచాం.